పదకొండు చుక్కలు

ఆ రోజు పదకొండు దాటేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదని ముందురోజే తీర్మానం జరిగింది. మిక్సీ వేయకూడదు. కుక్కరు పెట్టకూడదు, దానికి సమయసందర్భాలు తెలియవు కాబట్టి. పదినుంచి పదకొండుదాకా కోడలికి ఇంట్లోనే, కంప్యూటరు మీద పరీక్ష.

పరీక్షంటే మామూలు పరీక్ష కాదు. వంటింటి గట్టు మీద పుస్తకం నిలబెట్టుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో పేజీలు తిప్పుతూ మూడేళ్లు స్పానిష్ నేర్చుకుంది ఆ ఇల్లాలు. ఒక అనువాద సంస్థకు రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ "మీ భాష బాగుంది, గుర్తులు లేవు" అని తిప్పి పంపారు. ఆ భాషలో అక్షరాల నెత్తిన గీతలుంటాయి. ఒక అక్షరం మీద అల ఉంటుంది. ప్రశ్నకూ ఆశ్చర్యానికీ చివర గుర్తు పెడితే చాలదు, మొదట్లో కూడా ఒకటి తలకిందులుగా పెట్టాలి. ఇంట్లో ఉన్నదేమో ఇంగ్లిష్ కీబోర్డు. దాని మీద ఇవేవీ లేవు.

రెండోసారి తిప్పి పంపాక ఆమె ఒక ఉపాయం చేసింది. గుర్తులున్న అక్షరాలన్నీ ఎక్కడెక్కడివో ఏరి ఒక ఫైల్లో దాచి, దానికి 'పోపుడబ్బా' అని పేరు పెట్టింది. కావలసినప్పుడల్లా అందులోంచి చిటికెడు కాపీ చేసి తెచ్చి అతికించేది. మూడోసారి దరఖాస్తు పెట్టి, అంతా బాగానే ఉందనుకుంటుండగా పరీక్ష నియమాలు వచ్చాయి. తెర మీదున్న గళ్లలోనే టైపు చెయ్యాలి, బయటినుంచి తెచ్చి అతికిస్తే అంటదు. ఇది మూడో అవకాశం, ఆఖరుది కూడా. ఇది తప్పితే వాళ్లు మళ్లీ మొహం చూడరు. ఆ కాగితం చదివి ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అప్పుడు ఆమె భర్త ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనున్నాగా! నా దగ్గరో చిట్కా ఉంది."

అతన్ని వీధి వీధంతా చిట్కా అనే పిలుస్తుంది. కన్నవాళ్లు పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉందేమో చూడాలి. ఇంట్లో కుళాయి కారుతోందంటే ఒక చిట్కా చేశాడు. ఇప్పుడు కుళాయి కారడం లేదు, గోడ కారుతోంది. అయినా మనిషి మంచివాడు, భార్యంటే ప్రాణం. ఆమెకు ఈ ఉద్యోగం రావాలని ఆమెకంటే ఎక్కువగా తపించిపోతున్నాడు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి చిట్కా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భార్యను లోపలి గదిలోకి తోసి తలుపు దగ్గరగా వేశాడు. "నువ్వు హాయిగా చదువుకో. మిషను సంగతి నాకొదిలెయ్. పది గంటలకు వచ్చి కూర్చో, అన్ని గుర్తులూ చేతులు కట్టుకుని నిలబడతాయి!"

"ఏవండీ, మరేమీ కదపకండి," అంది ఆమె తలుపు సందులోంచి.

"పిచ్చిదానా! ఒక్క సెట్టింగు మార్చడమే."

ఫోనులో వీడియో పెట్టుకున్నాడు. అందులో ఎవరో కీబోర్డు అమరిక ఎలా మార్చాలో చూపిస్తున్నారు. ఇది నొక్కండి, అది ఎంచుకోండి, ఇకమీదట కొటేషన్ గుర్తున్న కీయే మీకు గీతలు పెడుతుంది. అంతవరకు విని చిట్కా ఆపేశాడు. ఇంకా సగం వీడియో ఉంది. అర్థమైపోయినదాన్ని ఇంకా వినడమెందుకని అతని లెక్క. చెప్పినట్టే అన్నీ మార్చాడు. చేతులు రుద్దుకుని, కొటేషన్ మీట నొక్కాడు.

తెర మీద ఏమీ రాలేదు.

ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఈసారి టకామని రెండు గుర్తులొచ్చాయి. చెరిపేసి మళ్లీ నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు. రెండు.

"ఓరి దీని దుంప తెగ! ఒకసారి కొడితే పలకదు, రెండుసార్లు కొడితే ఇద్దరొస్తారు!"

హాల్లో పడక్కుర్చీలో పేపరు చదువుతున్న తండ్రి తల ఎత్తారు. ఆయన ముప్పై నాలుగేళ్లు తెలుగూ ఇంగ్లిషూ టైపు కొట్టి హెడ్డు టైపిస్టుగా రిటైరైన మనిషి. ఆయన తెలుగు టైపు మిషను ఇప్పటికీ మూల బల్ల మీద పూలగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. కోడలికి ఇంగ్లిష్ టైపు నేర్పింది కూడా ఆయనే, ఈ కీబోర్డు మీదే. చేతుల మీద తువ్వాలు కప్పి, అక్షరాలు కనపడకుండా మూడు నెలలు కొట్టించారు. "చూసి కొట్టేది టైపు కాదు తల్లీ, కోడి గింజలేరుకోవడం," అనేవారు.

"ఒరేయ్, దాన్నొక్కదాన్నే కొట్టి ఊరుకుంటే ఎలారా? దాని తర్వాత..." అని మొదలుపెట్టారు.

"నాన్నా! ఇది మీ టైపు మిషను కాదు. దయచేసి ఇందులో తలదూర్చకండి."

అంతలో వంటింట్లోంచి తల్లి వచ్చింది. ఆవిడ మొహంలో ఏదో అపరాధం కనపడుతోంది. "ఒరే నాయనా, నిన్న సాయంత్రం దాన్ని కాస్త తడిగుడ్డ పెట్టి తుడిచాన్రా. పరీక్ష కదా, శుభ్రంగా ఉండాలని..."

"అదీ సంగతి! లోపల తడి చేరింది! ఇంకేం, మురికంతా ఉబ్బి కూర్చుంటుంది!" చిట్కాకు హుషారు వచ్చేసింది. కారణం దొరికాక అతన్ని ఆపడం ఎవరితరమూ కాదు. చెంచా కాడ పెట్టి మీటల మీది ప్లాస్టిక్ బటన్లు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాడు. టప్, టప్‌మని అవి పాప్‌కార్న్‌లా ఎగిరి బల్ల మీద పడ్డాయి. వాటన్నిటినీ చిల్లుల గిన్నెలో పోసి, సబ్బునీళ్లతో కడిగి, పొడి తువ్వాలు మీద ఆరబోశాడు. అప్పుడు గుర్తొచ్చి ఒక ఫొటో తీశాడు.

"ఫొటో పీకకముందు తియ్యాలి కదురా," అన్నారు తండ్రి. "వరస నాకు కంఠతా వచ్చు, చెప్తాను రాసుకో. ఎడమచేతి చిటికెన వేలు..."

"నాన్నా! మీరు కాసేపు పేపరు చదువుకోండి!"

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో హెడ్డు టైపిస్టుగారితో ఏ ఆఫీసరూ ఆ మాట అనలేదు. ఆయన పేపరు విప్పి మొహానికి అడ్డంగా పట్టుకున్నారు. ఇక ఇల్లు కూలినా పలకకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

బటన్లు ఆరేలోగా ఎందుకైనా మంచిదని చిట్కా కొత్త కీబోర్డు కోసం వీధి చివరి కంప్యూటర్ల కొట్టుకు పరుగెత్తాడు. తెచ్చాడు, తగిలించాడు, కొటేషన్ మీట నొక్కాడు. రాలేదు. రెండోసారి నొక్కాడు. ఇద్దరొచ్చారు.

"కొత్తది కూడా పాడే!"

దాన్ని చంకలో పెట్టుకుని మళ్లీ పరుగు. కొట్టులో మెకానిక్ తన మిషనుకు తగిలించి నొక్కాడు. లక్షణంగా పడింది. "బాగానే ఉంది కదా సార్," అన్నాడు. ఇంకొకటి ఇచ్చాడు. అది ఇంటికి రాగానే మూగబోయింది. మూడోది పట్టుకెళితే అదీ అంతే. నాలుగోసారి చిట్కా చెమటలు కక్కుకుంటూ కొట్టు మెట్లెక్కేసరికి మెకానిక్‌కు ఓపిక నశించింది.

"ఏంటి సార్, నా సరుకు మీద మచ్చ వేస్తున్నారు? పదండి, నేనే వచ్చి చూస్తా!"

వచ్చి చూశాడు. నొక్కాడు. రాలేదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తను తెచ్చిన మూడు కీబోర్డులూ మార్చి మార్చి నొక్కాడు. ఒక్కటి పలికితే ఒట్టు. కాసేపు కంప్యూటరు చుట్టూ తిరిగి, వెనకాల తీగలు వాసన చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "సార్, ఇది కీబోర్డు రోగం కాదు. మీ మిషను కీబోర్డుల్ని తినేస్తోంది. దగ్గర పెట్టిందల్లా పోతోంది. నా మూడూ నేను పట్టుకుపోతున్నా, నాకు పెళ్లాం పిల్లలున్నారు." మూడిటినీ గుండెలకు హత్తుకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

గోడ గడియారం పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చిట్కా నీరుగారిపోయి కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది. దాని మూడేళ్ల కష్టం బూడిదలో పోశాను. ఇప్పుడు పాతదానికి బటన్లు తొడగడానికి కూడా టైములేదు."

"తొడిగేశాగా!" అంది తల్లి.

"ఎవరు తొడిగారు?"

"నేనే. నువ్వు కొట్టుకీ ఇంటికీ తిరుగుతుంటే ఊరికే కూర్చోవడమెందుకని ఒక్కొక్కటే నొక్కి పెట్టేశాను. అబ్బో, ఎంత చిందరవందరగా ఉండేదిరా ముందు! ఎక్కడి అక్షరం ఎక్కడో! ఇప్పుడు చూడు, చక్కగా వరసలో ఉంది."

చిట్కా చూశాడు. పై వరసలో A B C D E F G H I J. దాని కింద K నుంచి మొదలై బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడ్డ తక్కిన అక్షరాలు. ఎత్తుపల్లాలు కాస్త అటూఇటూ అయినా, అక్షరమాల మాత్రం అక్షరాలా ఉంది.

"అమ్మా!" అని ఒక కేక పెట్టాడు చిట్కా. దగ్గకూడదన్న తీర్మానం అంతటితో రద్దయింది.

తలుపు తెరుచుకుంది. కోడలు చేతిలో నిఘంటువుతో గుమ్మంలో నిలబడింది. భర్త మొహం చూసింది, అత్తగారి మొహం చూసింది, కీబోర్డు చూసింది. నిఘంటువు చేతిలోంచి జారింది. "ఏం చేశారు మీరు?" అని అడిగింది.

ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు తడిగుడ్డ అంటారు, ఒకరు మెకానిక్ అంటారు. ఆమె ఏదీ వినలేదు. గడియారం వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"మామయ్యగారూ, తువ్వాలు," అంది.

పేపరు చప్పుడు చేస్తూ దిగింది. ఆయన కళ్లు మెరిశాయి. ఒట్టు గట్టున పెట్టి, తడి ఆరని ఆ తువ్వాలే తెచ్చి కోడలి చేతుల మీద కప్పారు. కింద అక్షరాలు ఎలా ఉంటే ఆమెకేం? ఆమె వేళ్లకు తెలిసిన వరస వేరే ఉంది. టకటకమని తన పేరు కొట్టింది. తెర మీద తప్పులేకుండా పడింది.

"హమ్మయ్య! మా కోడలు బంగారం!" అని చప్పట్లు కొట్టింది అత్తగారు.

తర్వాత పాస్‌వర్డ్ కొట్టింది. 'తప్పు' అని వచ్చింది. మళ్లీ కొట్టింది. 'తప్పు. ఇంక ఒక్క ప్రయత్నమే మిగిలింది' అని ఎర్రక్షరాల్లో వచ్చింది. మూడోది కూడా తప్పితే తలుపు మూసుకుపోతుంది, పరీక్ష పోతుంది.

"నాకు బాగా గుర్తుంది! పన్నెండు అక్షరాలు, నేనే పెట్టా," అన్నాడు చిట్కా. "దొంగలకు దొరకకుండా మధ్యలో ఒక కొటేషన్ గుర్తు కూడా పెట్టా, దాని పక్కన A పెట్టా! లే, నేను కొడతా, గట్టిగా కొడితే..."

"ఆగండి!" అంది ఆమె. ఆ కేకకు అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మూడోసారి కూడా కొట్టి, ఆఖరి మీట నొక్కకుండా చెయ్యి గాల్లో ఆపింది. తెర మీద అక్షరాలు కనపడవు కదా, నల్లచుక్కలే.

మామగారు కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగారు. చూపుడువేలితో చుక్కలు లెక్కపెట్టారు. జీవితమంతా మార్జిన్లు లెక్కపెట్టిన వేలది. మళ్లీ ఒకసారి లెక్కపెట్టారు.

"పదకొండే ఉన్నాయి," అన్నారు.

"పన్నెండు కొట్టాను మామయ్యగారూ!"

"నువ్వు పన్నెండు కొట్టావు తల్లీ, నువ్వు తప్పు కొట్టవు. పదకొండే పడ్డాయి. అంటే ఎవరో ఒకరు పక్కవాడి నెత్తినెక్కి కూర్చున్నారు." ఆయన గబగబా మూలకు వెళ్లి టైపు మిషను మీది పూలగుడ్డ ఒక్క గుంజు గుంజారు. "మన భాష మిషను మీద గుణింతాల గుర్తులు ఎలా పడతాయి? కదలని కీ! దాన్ని కొడితే కాగితం బండి జరగదు. అక్కడే కాచుకుని ఉంటుంది. తర్వాతి అక్షరం వచ్చి దాంట్లో కలిసిపోతుంది. ఇదీ అదే జాతి! పొద్దుట్నుంచి ఇది పాడైపోలేదురా, పక్క అక్షరం కోసం ఎదురుచూస్తోంది! దాన్నొక్కదాన్నే కొట్టి ఊరుకుంటే ఎలారా అని అడిగితే, పేపరు చదువుకోమన్నావు!"

చిట్కా పక్కకు తప్పుకుని తండ్రికి చోటిచ్చాడు.

"తల్లీ, అంతా చెరిపెయ్," అన్నారు మామగారు. "ఆ గుర్తు కొట్టాక ఖాళీ మీట కొట్టు, గుర్తు ఒంటరిగా పడుతుంది. ఆ తర్వాత A కొట్టు."

ఆమె కొట్టింది. నలుగురూ గట్టిగా లెక్కపెట్టారు. పది, పదకొండు, పన్నెండు. పరీక్ష తలుపు తెరుచుకుంది.

గడిలో ఆమె మొదట కొటేషన్ మీట నొక్కి, వెంటనే A నొక్కింది. నెత్తిన గీతతో á కళకళలాడుతూ వచ్చి కూర్చుంది. అల మీట నొక్కి N నొక్కితే ñ వచ్చింది. పోపుడబ్బాలో చిటికెడు చిటికెడు ఏరుకున్నవన్నీ ఇప్పుడు దోసిళ్లతో వచ్చి పడుతుంటే, ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. అత్తగారు ఆమె చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

టైము పదీ పద్నాలుగు. స్పానిష్‌లోకి అనువదించాల్సిందేమో ఒక హోటల్లో దిగిన పెద్దమనిషి మేనేజరుకు రాసిన ఫిర్యాదు ఉత్తరం. వేడినీళ్లేవి? తువ్వాళ్లేవి? పక్కగదిలో ఆ గానకచేరీ ఏమిటి? ఉత్తరమంతా ప్రశ్నలూ రంకెలే. ఆమె తువ్వాలు కింద వేళ్లు ఆగకుండా పరుగెత్తాయి. పదీ నలభై ఆరుకల్లా గీతలతో అలలతో సహా ఉత్తరం పూర్తయింది. ఒక్కటే మిగిలింది. వాక్యాల ముందు పెట్టాల్సిన తలకిందుల గుర్తులు, మొత్తం పద్నాలుగు.

"అవి ఎలా వస్తాయి మామయ్యగారూ?"

"మేమైతే కాగితం తీసి తిరగేసి ఎక్కించేవాళ్లం," అన్నారాయన తెర వైపు దిగులుగా చూస్తూ. "దీన్ని తిరగెయ్యలేం కదా."

"తిరగెయ్యొచ్చేమో! నే పట్టుకుంటా!" అని చిట్కా ముందుకొచ్చాడు. ముగ్గురూ కలిసి అతన్ని చూసిన చూపుకు ఆగిపోయాడు. అప్పుడు అతనికి జ్ఞానోదయమైంది. ఫోను తీసి, పొద్దున్న ఆపేసిన వీడియో మిగతా సగం పెట్టాడు. పెళ్లయ్యాక అతను ఏదైనా చివరిదాకా వినడం అదే మొదటిసారి.

"వచ్చేసింది! కుడిచేతివైపు ఆల్ట్ నొక్కి పట్టుకుని ప్రశ్న గుర్తు మీట కొట్టాలి! అదే పట్టుకుని ఒకటి అంకె కొడితే ఆశ్చర్యార్థకం!"

అందరూ తువ్వాలు ఎత్తి చూశారు. ఎడమవైపు ఆల్ట్ ఉంది. కుడివైపు బటన్ లేని బోడి మొలక ఉంది.

"అది నేను దాచాను," అంది అత్తగారు చిన్నగా. "ఒకే పేరుతో రెండున్నాయి. రెండెందుకని ఒకటి తీసి గాజుల డబ్బాలో పెట్టా." పరుగున వెళ్లి తెచ్చింది. చిట్కా దాన్ని ఆత్రంగా లాక్కుని తొడగబోయాడు. చిటుక్కుమంది. కొక్కెం విరిగింది.

పదీ యాభై రెండు. తిట్టడానికి కూడా టైము లేదు.

"మీ వేలివ్వండి," అంది భార్య. అతని చూపుడువేలు పట్టుకుని ఆ మొలక మీద ఆనించింది. "నేను నొక్కమంటే నొక్కండి. వదలమంటే వదలండి. అంతకుమించి ఒక్క పని చెయ్యకండి."

"సరే."

"నొక్కండి!" ¿ వచ్చింది. "వదలండి! నొక్కండి! వదలండి! ఏవండీ, వదలమన్నాను!"

"వదిలా, వదిలా!"

"పదీ యాభై ఏడు!" అని అరిచారు మామగారు. "పదకొండో గుర్తు! పన్నెండు!" అని లెక్కపెడుతోంది అత్తగారు. ఊళ్లో ప్రతిదాంట్లో వేలు పెట్టి చెడగొడతాడని పేరున్న మనిషి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, చెప్పిన చోట వేలు పెట్టి చెప్పినట్టు తీస్తున్నాడు. పద్నాలుగో గుర్తు పడింది. ఆమె పంపు మీట నొక్కింది. 'చేరింది' అని వచ్చిన మరుక్షణం గోడ గడియారం పదకొండు కొట్టింది. అత్తగారు వెళ్లి మిక్సీ, కుక్కరు రెండూ ఒకేసారి పెట్టేసింది.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. కోడలు అది మూడుసార్లు చదివి, మామగారి కాళ్లకు దండం పెట్టి, భర్త వేలు పట్టుకుని కళ్లకద్దుకుంది. చిట్కా ఆ వేలిని రెండు రోజులు ఎవరికి పడితే వాళ్లకు చూపించాడు.

ఉత్తరం చివర ఒక మాట కూడా ఉంది. ఈసారి పరీక్ష రాసినవారిలో ఒక్క గుర్తు కూడా పోకుండా పంపింది మీరొక్కరే. మామూలు కీబోర్డు మీద ఇది ఎలా సాధించారో తక్కిన అనువాదకుల కోసం నాలుగు ముక్కల్లో రాసి, స్పానిష్‌లో పంపగలరు.

"అది నేను రాస్తా! నా దగ్గర..." అని లేచాడు చిట్కా.

"మీరు కూర్చోండి. మామయ్యగారు రాస్తారు," అంది భార్య.

హెడ్డు టైపిస్టుగారు పూలగుడ్డ తీసి, కాగితం ఎక్కించి, మార్జిను సరిచూసుకుని రెండే వాక్యాలు కొట్టారు. ఒకటి, కీబోర్డు మీద తువ్వాలు కప్పవలెను. రెండు, పని పూర్తయ్యేవరకు కొడుకును గదిలోకి రానివ్వరాదు.

కోడలు ఒక్క మాటా మార్చకుండా అనువదించింది. రెండో వాక్యానికి మాత్రం ఆశ్చర్యార్థకం రెండు వైపులా పెట్టింది.